ఉచితంగా చేరిన మాట

లిఫ్టు కిందికి దిగిన రోజు నుంచి ఆ ఇంట్లో రెండు మాటలు ఒకదానికొకటి అడ్డంగా నిలబడి ఉన్నాయి. బయటికొచ్చానని మెసేజ్ వచ్చిందని, అది చూశాకే లిఫ్టు మెయిన్ స్విచ్ వేశానని తమ్ముడి మాట. తను లిఫ్టు కింది గుంటలోనే ఉన్నానని, ఏ మెసేజూ పెట్టలేదని బావ మాట. బావ ఆ సంగతిని ఆసుపత్రి మంచం మీద లిఫ్టుల ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. బావ ఎడమచేత్తో సంతకం పెట్టాడు. తమ్ముడి మాట ఎవరూ రాసుకోలేదు.

గుంట అడుగున వెల్లకిలా పడుకోబట్టి బావ బతికాడు. కుడి భుజం విరిగింది.

ఇద్దరి మధ్యా నలుగుతున్నది అక్క. ఒకరికి భార్య, ఒకరికి తోడబుట్టింది. లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీ ఆఫీసు చూసుకునేదీ ఆమే. కంపెనీ అక్కాతమ్ముళ్ల నాన్నది. ఆ పనిలో ఉన్నవాళ్లందరూ ఆయన్ని మిస్డ్‌కాల్ మేస్త్రి అంటారు. ఒక మిస్డ్‌కాల్ ఇస్తే మెయిన్ తీయమని, రెండిస్తే వేయమని ఒకప్పుడు ఆయన పెట్టిన పద్ధతి. తర్వాత ఎస్సెమ్మెస్‌కి మారాడు. ఆ డబ్బులు కూడా దండగని తోచి ఈ మధ్య అందరి ఫోన్లలో మెసేజ్ యాప్ వేయించాడు. డేటా ఎలాగూ కొంటున్నాం కదా, అందులోనే మాట కూడా పోతుంది అన్నాడు.

లిఫ్టు పనికి ఇద్దరు కావాలి. ఒకడు అడుగున గుంటలోకి దిగుతాడు. ఇంకొకడు మేడ మీద మెషిన్ రూమ్‌లో మెయిన్ దగ్గర ఉంటాడు. కిందివాడు బయటికొచ్చానని తెలియజేసేదాకా పైవాడు స్విచ్ మీద చెయ్యి వేయకూడదు. పక్క లిఫ్టు మోటార్ హోరులో ఫోన్ మాట సరిగా వినపడదు కాబట్టి రాసిన మాటనే నమ్మాలి. గుంటలోనే నొక్కి లిఫ్టును ఆపే బటన్ ఒకటి ఉంటుంది కానీ, ఆ భవనంలో అది పాడై చాలాకాలమైంది. కొత్తది వేయించడానికి భవనం వాళ్లు ఒప్పుకోలేదు. మేస్త్రి గట్టిగా అడగలేదు.

రేపు పొద్దున ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో విచారణ. చూడకుండా స్విచ్ వేశాడని తేలితే తమ్ముడి లైసెన్సు పోతుంది. అతనికి తెలిసిన పని అదొక్కటే.

ఈ మధ్యాహ్నం అక్క భోజనాల బల్ల తుడుస్తుండగా తమ్ముడు వచ్చాడు. ప్రమాదం రోజు మెట్ల మీద పరుగెత్తుతుంటే అతని ఫోన్ జారిపడి అద్దం పగిలింది. బాగుచేసేవాడు అద్దం రాలేదంటూ ఇన్నాళ్లు తిప్పి, ఇవాళ ఇచ్చాడు. తమ్ముడు ఫోన్‌ని తడి బల్ల మీద పెట్టబోయి, మానుకుని, అక్క చేతికిచ్చాడు.

"ఇదిగో. నువ్వే తెరిచి చూడు. నేను ముట్టుకోను. మళ్లీ నేనే ఏదో నొక్కానంటారు."

"కొట్టులో చూడలేదా?"

"అతను చూపించాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని చూశాను."

"దొంగలాగానా?"

"మరి ఇంట్లో ఏమనుకుంటున్నారు నన్ను?"

మేస్త్రి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని తన ఫోన్‌లో ఏదో వెతుకుతున్నాడు. తల ఎత్తలేదు. "ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. దానికింత తతంగం దేనికిరా" అన్నాడు.

బావ బల్లకి అటువైపు ఉన్నాడు. చెయ్యి మెడకి కట్టి ఉంది.

అక్క బావ పేరు మీద నొక్కింది. ఇద్దరి మధ్యా నడిచిన మెసేజ్‌లు కిందినుంచి పైదాకా కనిపించాయి. లోపల. బయట. లోపల. బయట. ఏ భవనమో లేదు, ఏ లిఫ్టో లేదు. ప్రమాదం జరిగిన రోజు దగ్గర ఒక "లోపల" ఉంది. దాని కింద బావ వైపు నుంచి వచ్చిన వరుసలో, "ఈ మెసేజ్‌ను తొలగించారు" అని ఉంది.

ఆమె రెండుసార్లు చదివింది. ఫోన్‌ని బావ ముందు పెట్టింది.

"ఇదేంటండీ?"

బావ చూశాడు. చదవాల్సిన అవసరం లేనివాడిలా చూశాడు.

"నేనే తీసేశాను" అన్నాడు.

తమ్ముడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అమ్మయ్య" అన్నాడు. మోచేతులు బల్ల మీద ఆనించి మొహం రుద్దుకున్నాడు.

"మెసేజ్ పెట్టలేదని సంతకం చేశారు" అంది అక్క.

"చేసినప్పుడు అది నిజమే అనుకున్నాను. గుంటలో ఉన్నవాణ్ని, బయటికొచ్చానని ఎందుకు పెడతాను? ఇన్‌స్పెక్టర్ వెళ్లిపోయాక ఫోన్ తెరిచాను. చూస్తే అది వెళ్లి ఉంది. చేరినట్టు రెండు టిక్కులు పడి ఉన్నాయి."

"పెట్టని మెసేజ్ ఎలా వెళ్తుంది?"

"పెట్టాను. ఆ లిఫ్టుకి కాదు. దాని పక్కదానికి."

అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఆ భవనంలో రెండు లిఫ్టులు. సెల్లార్‌లో పక్కపక్కనే రెండు గుంటలు. మొదటి గుంటలో పని అయ్యాక పైకొచ్చి, "బయట" అని కొట్టాడు. అప్పటికి షట్టర్ దించేశారు, సెల్లార్‌లో డేటా లేదు. మెసేజ్ పక్కన గడియారం గుర్తు పడి అలాగే ఉంది. చూసి చూసి, వాచ్‌మన్‌ని రెండో లిఫ్టులో మేడ మీదికి పంపాడు. మొదటిది అయిపోయింది, దాని మెయిన్ వేసి రెండోదాని మెయిన్ తీయమని చెప్పించాడు. వాచ్‌మన్ చెప్పి, కిందికొచ్చి, సరేనన్నారు అన్నాడు. బావ రెండో గుంటలోకి దిగాడు.

"మెసేజ్ సంగతి మర్చిపోయాను. మాట ఎలాగూ పైకి చేరింది కదా. ఈసారి కూడా వాచ్‌మన్‌నే పంపుదాం అనుకున్నాను. ఇంతలో ఏదో కారు వచ్చినట్టుంది, సెల్లార్ షట్టర్ పైకి లేపారు. ఆ చప్పుడు విన్నాను. సిగ్నల్ అప్పుడే లోపలికొచ్చి ఉంటుంది."

"జేబులోంచి అదే వెళ్లిపోయింది" అన్నాడు తమ్ముడు.

"వెళ్లిపోయింది."

"నేను అనుకున్నాను బావా. ఇంత తొందరగా అయిపోయిందేంటి అనుకున్నాను. స్ప్రింగులు తుడవడానికే ఇంకాస్త పడుతుంది కదా అనుకున్నాను. అనుకుని కూడా వేశాను." తమ్ముడు ఫోన్ వైపు వేలు చూపించాడు. "ఎదురుగా బయట అని ఉంటే ఇంకేం చేయను? బయట అంటే బయటే కదా."

అక్క ఇంకా నిలబడే ఉంది. చేతిలో గుడ్డ ఉన్న సంగతి మర్చిపోయినట్టుంది. నీళ్లు నేల మీద పడుతున్నాయి.

"సరే, వెళ్లింది. తీసేయడం దేనికి?"

"భయమేసింది."

"దేనికి? భుజం విరిగింది మీది."

"ఇన్‌స్పెక్టర్ అది చూస్తే ఏమంటాడు? గుంటలో పడుకుని బయటున్నానని మెసేజ్ పెట్టినవాడు నేను. పెట్టలేదని సంతకం పెట్టిందీ నేనే. అబద్ధం రాసిచ్చానని నా లైసెన్సు తీసేస్తారు. మెసేజ్ లేకపోతే ఏ గొడవా ఉండదనుకున్నాను."

"గొడవ లేకుండా పోయిందా? వీడి మెడకి చుట్టుకుంది. వీడు అన్నం మానేశాడు, నిద్ర మానేశాడు. మీరు ఎదురుగా కూర్చుని చూస్తున్నారు. ఇన్నాళ్లూ రాత్రిపూట మీకు దిండు సర్దుతూ, వీడెందుకు అబద్ధమాడుతున్నాడా అని నేను కుళ్లిపోతున్నాను. నా తోడబుట్టినవాడిని నేనే అనుమానించాను. ఆ దిండు మీదే పడుకుని నాకు ఒక్కమాట చెప్పలేకపోయారా?"

బావ చెప్పలేకపోయానన్నాడు. రోజూ చెబుదామనుకున్నానని కూడా అన్నాడు. ఆ రెండో మాట అక్కకి మొదటిదానికంటే ఎక్కువ మంట పుట్టించింది.

అప్పుడు మేస్త్రి ఫోన్ పక్కన పెట్టాడు.

"చూశారా. నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను, యాప్‌లో లోపం లేదని. యాప్ తన పని తాను చేసింది. ఇచ్చిన మాట చేర్చింది."

అక్క తండ్రి వైపు తిరిగింది.

"ఎప్పుడు చేర్చింది నాన్నా?"

"ఎప్పుడో అప్పుడు. పైసా అడగకుండా చేర్చింది కదా."

"ఎస్సెమ్మెస్ ఉన్నప్పుడు వెళ్లకపోతే వెళ్లలేదని మొహం మీద చెప్పేది. అక్కడితో ఆగేది. కావాలంటే మళ్లీ పంపేవాళ్లం. పైగా ఆ సెల్లార్‌లో ఎస్సెమ్మెస్ వెళ్లేది, నేనే ఎన్నిసార్లు చూశాను. ఇది అలా కాదు. దారి దొరికేదాకా గుమ్మంలో కాచుక్కూర్చుంటుంది. దొరికాక, ఇప్పుడు వెళ్లొచ్చా వద్దా అని అడగదు."

"అయితే ఏ లిఫ్టో రాసుండాల్సింది. ఒకటో లిఫ్టు బయట అని రాస్తే ఈ పీకులాట ఉండేదా? రాయకపోవడం అల్లుడి తప్పు."

తమ్ముడు తల ఎత్తాడు. "నాన్నా, ఏ లిఫ్టో రాయొద్దన్నది ఎవరు?"

"నేనన్నానా?"

"అనడమా? చదివించావు. నేను పనిలో చేరిన కొత్తలో, రెండో లిఫ్టు గుంటలోంచి బయటికొచ్చాను, మెయిన్ వేయొచ్చు అని పెట్టాను. తెలుగు అక్షరాలకి చోటెక్కువ పడుతుంది, మెసేజ్ పొడుగైతే రెండుగా తెగి రెండిటి డబ్బులు పడతాయి అన్నావు. పనివాళ్లందరినీ ఆఫీసులో నిలబెట్టి, నా మెసేజ్ నాచేతే పైకి చదివించావు. కవిత్వం రాశాడ్రా అన్నావు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఎవడైనా రెండో మాట రాశాడా?"

"అది ఎస్సెమ్మెస్ రోజుల మాట. ఇప్పుడు ఎంత రాసినా ఉచితమే కదా. ఎవరొద్దన్నారు?"

"రాయమని ఎవరన్నారు?" అంది అక్క. "యాప్ వేయించావు. డబ్బు మిగిలిందని చెప్పావు. ఇకనుంచి పూర్తిగా రాయండి అని ఒక్కసారైనా అన్నావా? మాటకి ఖర్చు లేదని తెలిసిన దగ్గర్నుంచి నీ నోటికి మూత లేదు. పొద్దున లేస్తే పువ్వుల బొమ్మ, దాని కింద నీతి. స్నానం చేసే లోపల ఇంకో నీతి. మనం లిఫ్టులు చూసే భవనాల సెక్రటరీలతో గ్రూపు పెట్టావు, అందులోంచి ఒకాయన ఎన్నిసార్లు వెళ్లిపోయాడు, ఎన్నిసార్లు మళ్లీ ఈడ్చుకొచ్చావు? ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి, అమ్మా, లిఫ్టు ఆగిపోయినా ఫరవాలేదు, మీ నాన్నగారిని ఆపండి అన్నాడు. ఇంత మాట్లాడతావు. మనిషి ప్రాణం ఆధారపడ్డ మాట మాత్రం ఇప్పటికీ ఒక్క ముక్కే. నీకు ఉచితమైంది నాన్నా. వీళ్లకి ఇంకా కాలేదు."

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. నేను మిగిల్చిన దాంతోనే కదా అందరికీ హెల్మెట్లు కొన్నాను."

"పైనుంచి లిఫ్టు దిగుతుంటే హెల్మెట్ ఏం చేస్తుంది మామయ్యా" అన్నాడు బావ. మెల్లగానే అన్నాడు.

మేస్త్రి ఆ మాట విననట్టు లేచి నిలబడ్డాడు. "ఇదంతా అనవసరం. మీరు బుర్రలు పాడుచేసుకోకండి. నేను సర్దేశాను."

"ఏం సర్దావు?" అంది అక్క.

"కంపెనీ పేరు పోకుండా చూసుకోవాలా వద్దా? గ్రూపులో ఒక మాట చెప్పాను. అంతే."

ఆయన ఫోన్ తీసి నొక్కాడు. ఆయన గొంతే వినిపించింది, కాస్త బిగ్గరగా, ఎదుటివాళ్లకి చెవుడు అన్నట్టు. "సెక్రటరీలందరికీ నమస్కారం. మొన్నటి ప్రమాదం గురించి మీరు కంగారు పడొద్దు. కంపెనీ తప్పు లేదు, పరికరాల తప్పు లేదు. మా అబ్బాయి చూసుకోకుండా తొందరపడ్డాడు. వాడిని మెషిన్ రూమ్ పని నుంచి తప్పించాం. మీ లిఫ్టులన్నీ భద్రంగా ఉన్నాయి. మీకు ఈ రోజు శుభం కలగాలి."

వాయిస్ మెసేజ్ అయిపోయింది. దాని వెనకే యాప్ తనంతట తాను తర్వాతిది మొదలుపెట్టింది, ఎవరో సెక్రటరీ దగ్గుతూ ధన్యవాదాలు చెబుతున్నాడు. మేస్త్రి ఆపాడు.

తమ్ముడు తండ్రిని చూస్తున్నాడు. "ఇది ఎప్పుడు పంపావు?"

"పొద్దున."

"పొద్దున నా పక్కన కూర్చుని కాఫీ తాగావు. అప్పటికే పంపేశావా?"

"కాఫీ తర్వాత" అన్నాడు మేస్త్రి.

"తీసేయి" అంది అక్క. "వెంటనే తీసేయి."

"ఇంకెక్కడ తీసేది? నీలం టిక్కులు పడిపోయాయి. అందరూ విన్నారు." ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది. ఆయన పంపినదాన్ని అందరూ వినడం మామూలుగా జరిగే పని కాదు.

"ఆ గ్రూపులో ఇన్‌స్పెక్టర్ కూడా ఉన్నాడు కదా నాన్నా."

"ఉంటాడు. నేనే చేర్చాను. ఆయనకి మన మీద మంచి అభిప్రాయం ఉండాలని."

అక్క చెయ్యి చాచింది. మేస్త్రి ఫోన్ ఇవ్వలేదు, కానీ తనే కిందికి జరిపి చూశాడు. ఇన్‌స్పెక్టర్ నుంచి విడిగా ఒక మెసేజ్ వచ్చి ఉంది. చూస్తుండగానే వచ్చినట్టుంది. ఆయన దాన్ని మనసులో చదువుకున్నాడు. పెదవులు కదిలాయి. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"పైకి చదువు" అంది అక్క.

"మీ వాయిస్ మెసేజ్ విన్నాను. యజమాని వాంగ్మూలంగా ఫైల్లో చేర్చాను. రేపు మీ అబ్బాయి వచ్చి అది నిజమేనని సంతకం పెడితే కంపెనీ మీద, ఆ భవనంలో పాడైన బటన్ మీద విచారణ అక్కర్లేదు. అతని లైసెన్సు రద్దు చేసి ఫైల్ మూసేస్తాను." మేస్త్రి కళ్లజోడు తీశాడు. "ఫైల్ మూసేస్తానంటున్నాడు" అని మళ్లీ అన్నాడు. ఆ మాట మంచిదో చెడ్డదో ఆయనకే తేలినట్టు లేదు.

తమ్ముడు లేచి కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. అతను ఏదైనా అంటాడని ముగ్గురూ చూశారు.

"పెట్టేస్తాలే" అన్నాడు. "బావకి చెయ్యి బాగుపడితే పని కావాలి. నువ్వు కంపెనీ చూసుకోవాలి. నేను ఒక్కణ్నే కదా. ఏదో ఒకటి చేసుకుంటాను."

"ఏం చేసుకుంటావురా? నీకు బల్బు మార్చమంటేనే మెయిన్ ఎక్కడ అని అడుగుతావు" అంది అక్క. నవ్వుతూ అనాల్సిన మాట. నవ్వకుండా అంది.

బావ ఎడమచేత్తో జేబులోంచి తన ఫోన్ తీశాడు. బల్ల మీద పెట్టి అక్క వైపు తోశాడు.

"నాకు ఒక చేత్తో రాయడం రావట్లేదు. నేను చెబుతాను, నువ్వు కొట్టు. ఇన్‌స్పెక్టర్‌కి."

"బావా, వద్దు" అన్నాడు తమ్ముడు.

"నువ్వు కూర్చో."

అతను చెప్పాడు, అక్క కొట్టింది. ఏ రోజు, ఏ భవనం, ఏ లిఫ్టు. మొదటి గుంటలోంచి పైకొచ్చి ఏం కొట్టాడు, అది ఎందుకు ఆగింది, ఎప్పుడు వెళ్లింది. పైనున్నవాడు మెసేజ్ చూశాకే స్విచ్ వేశాడని. ఆసుపత్రిలో ఆ మెసేజ్‌ను తనే తొలగించానని, ఆ సంగతి ఇన్నాళ్లూ దాచానని. బటన్ పాడైందని కంపెనీకి ముందే తెలుసునని. అక్కడ అక్క వేలు ఆగింది. బావ ఆగలేదు. ఆమె అదీ కొట్టింది.

"అంత పొడుగెందుకు" అన్నాడు మేస్త్రి. "అంత ఎవరు చదువుతారు? రేపు ఎలాగూ వెళ్తాం, నోటితో చెప్పుకుందాం."

అక్క మొత్తం ఒకసారి పైకి చదివింది. బావ విని తలూపాడు. ఆమె ఫోన్ అతని వైపు తిప్పింది.

"నేను పంపను. పంపాల్సింది మీరు" అంది.

బావ ఎడమచేతి బొటనవేలితో నొక్కాడు.

నలుగురూ ఫోన్ మీదికి వంగారు. మెసేజ్ పైకి వెళ్లి కూర్చుంది. దాని పక్కన ఒక టిక్కు పడింది. రెండోది పడలేదు.

"ఇప్పుడే కదా ఆయన మనకి రాసింది" అంది అక్క. "ఫోన్ ఆపేశాడా?"

"ఏ లిఫ్టులో ఉన్నాడో" అన్నాడు తమ్ముడు.

ఎవరూ నవ్వలేదు. ఒక టిక్కే ఉంది.

"చేరలేదు ఇంకా" అన్నాడు తమ్ముడు. గొంతు తగ్గించి అన్నాడు, ఫోన్ వింటుందేమో అన్నట్టు. "ఇప్పుడు తీసేస్తే ఆయనకి ఒక్క ముక్క కూడా కనపడదు. తీసేయి బావా. నేను రేపు సంతకం పెట్టేస్తాను. అక్క మొహం చూసి అయినా తీసేయి."

బావ తీయలేదు. తీయనని కూడా అనలేదు. ఫోన్‌కి ఎడంగా జరిగి కుర్చీలో వెనక్కి వాలాడు.

అక్క ఫోన్ తీసుకుని బల్ల మధ్యలో పెట్టింది, ముగ్గురికీ సమానంగా అందేలా. తెర ఆరిపోకుండా ఒకసారి తాకింది.

"నేను ఒకరికి పెళ్లాన్ని, ఒకరికి అక్కని, ఒకరికి కూతుర్ని. నా వల్ల కాదు. ఇది చేరేదాకా ఇక్కడే ఉంటుంది. తీసేయాలనుకున్నవాళ్లు నా కళ్లముందు తీయండి. మళ్లీ ఆసుపత్రి మంచాల మీద, కాఫీల తర్వాత, నాకు తెలియకుండా ఏదీ జరగొద్దు."

కిటికీ అవతల వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేశారు. బల్ల మీద తడి ఇంకా ఆరలేదు. ఒక టిక్కే ఉంది.

మొదట ఫోన్ వైపు కదిలిన చెయ్యి మేస్త్రిది.